చిప్స్ ప్యాకెట్ దొరవారి సముఖానికి

మారతహళ్లి, బెంగళూరు.

మహారాజశ్రీ చిప్స్ ప్యాకెట్ గారికి,

తమరిని ఏ బుట్టలో వేయాలో తేలక, వంటింట్లో రెండు చెత్తబుట్టల మధ్య నిలబడి రాస్తున్నాను. తడి చెత్త ఎలాగూ కాదు. పొడి చెత్తే కదా అని పాత పేపర్లతో కలిపి తీసుకెళ్తే, గుజిరీ కొట్టాయన తమరిని మాత్రం ఏరి నా చేతిలోనే పెట్టాడు. ఆయన తప్పేం లేదు. పైన రంగు ప్లాస్టిక్, లోపల అల్యూమినియం పూత. ఈ పొరలు విడదీయాలంటే వచ్చేదానికన్నా అయ్యే ఖర్చే ఎక్కువ. మా అన్నదమ్ముల్లో ఈ అతుకు ఉండుంటే ఊళ్లో ఇల్లు పంచుకునేవాళ్లం కాదు.

తమరి పొట్టలో సగం గాలేనని అందరూ ఎగతాళి చేస్తారు. నేనొప్పుకోను. అది నైట్రోజన్. ముక్కలు నలగకుండా, నూనె వాసన పట్టకుండా నింపుతారు. మేం పీల్చే గాలిలోనూ 78 శాతం అదే, ఊరికే దొరుకుతుంది. ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర మిగతా 22 శాతంలో ఏముందో చెప్పలేను.

2022 జూలై 1న ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, ఐస్‌క్రీం పుల్లలు నిషేధించారు. తమరి జోలికి రాలేదు. పుల్ల దొరికింది, దుంగ తప్పించుకుంది!

తమరి వీపు మీద ఆవగింజంత అక్షరాలు కూడబలుక్కుని చదివాను. 100 గ్రాములకు 500 పైచిలుకు కేలరీలు, బరువులో మూడో వంతు కొవ్వే. ఆ పామోలిన్ కోసం ఇండోనేషియాలో అడవులు కొట్టి తోటలు వేశారని తెలిసి కూడా, రాత్రి పదకొండింటికి ప్యాకెట్ అడుగున ఉప్పూకారం వేలితో అద్దుకుని నాకింది నేనే.

మా అమ్మ జంతికలేమీ ఆకుకూర కాదు, అవీ నూనెలో ఈదినవే. కానీ అనంతపురం నుంచి స్టీలు డబ్బాలో వస్తాయి. వారం దాటితే "నా డబ్బా ఏదిరా?" అని ఫోను.

వాడేసిన తమరిని వెనక్కి సేకరించే బాధ్యత తయారుచేసిన వాళ్లదేనని 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో ఉంది. వాళ్ల నుంచి ఇంతవరకూ ఫోను రాలేదు. వచ్చేదాకా సింకు కింద సంచీలో, తమరి బంధువులు నలభై మందితో సర్దుకోగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు
(ఇరవై రూపాయలిచ్చి కొన్నవాడు)