భూగోళం మీ చార్జర్ వల్లే వేడెక్కుతోంది

నేరస్తుడు దొరికాడు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి గాలిని కొలుస్తున్నారు. భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ 1958లో పది లక్షల పాళ్లకు 315 ఉండేదని, ఇప్పుడు 420 దాటిందని రాసుకుంటున్నారే తప్ప, అసలు దోషి ఎవరో మాత్రం తేల్చలేకపోయారు. ఆ దోషి మీరే. నిన్న రాత్రి ఫోన్ తీసేసుకుని చార్జర్‌ని ప్లగ్గులోనే వదిలేసి పడుకున్నారు చూడండి, ఆ మీరు.

బుకాయించొద్దు, లెక్క ఉంది. ఇప్పటి చార్జర్ ఊరికే ప్లగ్గులో ఉంటే ఒక వాట్‌లో పదో వంతు లాగుతుంది. ఏడాది పొడవునా అలాగే వదిలేస్తే ఒక యూనిట్ కరెంటు, కొంచెం అటూ ఇటూ. బొగ్గు కరెంటైతే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. అంటే ఏడాదంతా క్రమం తప్పకుండా, పండగా పబ్బం చూడకుండా చార్జర్ పీకుతూ వస్తే మీ పుణ్యం ఖాతాలో ఒక కిలో పడుతుంది. ప్రపంచం బొగ్గు, చమురు, గ్యాస్ అనే శిలాజ ఇంధనాల నుంచి సెకనుకు 1,100 టన్నులకు పైగా వదులుతోంది కాబట్టి, మీ ఏడాది తపస్సును కరిగించడానికి దానికి సెకనులో పది లక్షల వంతుల్లో ఒక్క వంతు చాలు. ఇంత చిన్న అంకె చూసి నీరసపడే వాళ్లంతా బాధ్యత లేని మనుషులని నా అభిప్రాయం.

ఈ పద్దు రాసుకునే విద్య మనకు నేర్పినవారికి ముందుగా వందనం చేయాలి. 2000వ దశకం మొదట్లో బీపీ అనే మహా చమురు సంస్థ, పేరున్న ఒక ప్రకటనల కంపెనీని వెంటబెట్టుకుని, ‘మీ కర్బన పాదముద్ర ఎంత?’ అని, అంటే మీ వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ ఎంత అని, జనాన్ని ఆప్యాయంగా పలకరించింది. ఎవరి లెక్క వాళ్లు కట్టుకోవడానికి వెబ్‌సైట్‌లో ఓ కాలిక్యులేటర్ కూడా పెట్టింది. సముద్రం అడుగున బావులు తవ్వుకునే పెద్దమనిషి తన పనులన్నీ మానుకుని మన పాదాల గురించి బెంగపెట్టుకోవడం చిన్న విషయమా? ఆయన పాదం కొలతెంతో అని మాత్రం అడక్కండి. పెద్దల కాళ్లకు దండం పెడతారు గానీ టేపు పెట్టరు.

మరో చమురు సంస్థ ఎక్సాన్ వారిదీ ఇలాంటి నిరాడంబరతే. భూమి ఎంత వేడెక్కబోతోందో వాళ్ల సొంత శాస్త్రవేత్తలు 1970ల చివర్లో, 80ల మొదట్లోనే అంచనా కట్టారు. అవి చాలావరకు నిజమయ్యాయి కూడా. అయినా గొప్పలు చెప్పుకోకుండా, ఆ సైన్సులో ఇంకా సందేహాలున్నాయని బయట ఏళ్ల తరబడి వినయంగా చెప్పుకుంటూ వచ్చారు.

1988 నుంచి పరిశ్రమల కారణంగా వెలువడ్డ హరితగృహ వాయువుల్లో 71 శాతానికి మూలం వంద ఉత్పత్తి సంస్థలేనని 2017లో ఒక నివేదిక వచ్చింది. దాన్ని పట్టుకుని ఎగిరేవాళ్లున్నారు. అందులో అధికభాగం వాళ్లు అమ్మగా మనం కాల్చిందే కదా? వాళ్లు పాపం తవ్వారు, శుద్ధి చేశారు, పైపులేశారు, వేరే దారి తెరుచుకోకుండా చట్టసభల గడపలు అరిగేలా తిరిగారు. అంతే. ఎవరి ట్యాంకులోనూ బలవంతంగా పోయలేదు. బస్సు రాని దారిలో బండి కొనుక్కున్నది మీరు. అక్కడికి బస్సెందుకు రాదో అడగొచ్చుగా అంటారేమో. దానికి యాప్ లేదు.

మనమంతా తలో చెయ్యీ వేస్తే ఏమవుతుందో ఇప్పటికే ఒకసారి చూశాం. 2020లో ప్రపంచం తలుపులేసుకుని కూర్చుంది. విమానాలు దిగిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి. అంత చేస్తే ఆ ఏడాది కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు అయిదు శాతం పైచిలుకు తగ్గాయి. వేడిమి పెరుగుదల 1.5 డిగ్రీల దగ్గర ఆగాలంటే పదేళ్లపాటు ఏటా 7.6 శాతం తగ్గాలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంతకుముందు ఏడాదే చెప్పింది. మనం ఇళ్లలోంచి కదలకపోయినా తగ్గని ఆ మిగతా రెండు శాతం ఎక్కడ నక్కిందంటారు? కరెంటు కేంద్రాల్లో, ఉక్కు కొలిమిల్లో, సిమెంటు బట్టీల్లో అంటారు తెలిసినవాళ్లు. నాకైతే చార్జర్ల మీదే అనుమానం.

ఉడతాభక్తి అన్నారు పెద్దలు. వారధి కట్టేటప్పుడు ఉడత కూడా ఇసుక తెచ్చిన మాట నిజం. కాకపోతే అప్పుడు బండలు మోయడానికి వానరసేన ఉంది, కట్టడం తెలిసిన నలుడున్నాడు. ఇప్పుడు వానరసేన ఏసీ హాల్లో సదస్సులో ఉంది. ఇసుక తూకం తగ్గిందని ఉడతకు నోటీసు వెళ్లింది.

సదస్సంటే గుర్తొచ్చింది. 1995లో బెర్లిన్‌లో మొదలైన ఈ ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుల్లో, శిలాజ ఇంధనాలన్నిటి నుంచీ పక్కకు జరగాలన్న ముక్క తుది తీర్మానంలోకి ఎక్కడానికి 28వ సదస్సు దాకా పట్టింది. 2023లో దుబాయ్‌లో జరిగిన ఆ సదస్సుకు అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబెర్. అబూ ధాబీ జాతీయ చమురు సంస్థ అధినేత కూడా ఆయనే. మద్యనిషేధ సభకు సారా దుకాణదారు అధ్యక్షత వహిస్తే తప్పేముంది, సరుకు గురించి ఆయనకన్నా ఎవరికి బాగా తెలుసు?

కారు వదిలేయడం, విమానం మానేయడం లాంటివి నిజంగానే లెక్కలోకొచ్చే పనులని అంటారు. అందుకే వాటి జోలికి పోవద్దని నా సలహా. ప్లగ్గు పీకి, గుడ్డ సంచీ చంకన పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లడంలో ఉన్న ప్రశాంతత వాటిలో ఎక్కడిది? పైగా టికెట్ కొనేటప్పుడు అక్కడే ఓ చిన్న గడి ఉంటుంది. దాన్ని నొక్కి మరికాస్త చెల్లిస్తే, మీ విమానం వదిలిన కార్బన్‌కు బదులుగా ఎక్కడో ఎవరో ఒక చెట్టు నాటుతారు, లేదా ఉన్న చెట్టును నరక్కుండా వదిలేస్తారు. నరికే ఉద్దేశం వాళ్లకు ముందునుంచీ ఉందా లేదా అని ఆరా తీయడం సంస్కారం కాదు.

ప్రపంచంలో అత్యంత ధనికులైన ఒక్క శాతం మంది 2019లో 16 శాతం ఉద్గారాలకు కారణమని ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ లెక్కతేల్చింది. ఆ వర్గానికి నాదొక వినతి. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారీ సొంత విమానం ఎక్కలేదు. మానుకున్న ఆ ప్రయాణాలన్నీ భద్రంగా ఉన్నాయి, టన్నుల లెక్కన అమ్ముతాను. బేరం ఆడుకోవచ్చు.