సవరణ: హైబ్రిడ్ బస్సు, విద్యుత్ బస్సు ఒకటి కావు

రాజమహేంద్రవరం సిటీ బస్సుల గురించి గత వారం రాసిన పోస్టులో, హైబ్రిడ్ బస్సులు రావాలంటే ముందు డిపోలో ఛార్జింగ్ కేంద్రం కట్టాలని, తిరుమల ఘాట్ రోడ్డుపై 2022 నుంచి నడుస్తున్న బస్సులు ఆ రకానివేనని పేర్కొన్నాను. ఈ రెండు మాటలూ తప్పు. రెండు రకాల వాహనాలను ఒకటిగా భావించడం నా పొరపాటు.

తిరుమల బస్సులు పూర్తిగా బ్యాటరీతో నడిచే విద్యుత్ బస్సులు కనుక వాటికి ఛార్జింగ్ తప్పనిసరి. సాధారణ హైబ్రిడ్ బస్సులో మాత్రం డీజిల్ ఇంజనూ విద్యుత్ మోటారూ రెండూ ఉంటాయని, బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని మోటారే విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నింపుతుందని, బయటి నుంచి తీగ తగిలించే పని లేదని తయారీదారుల సాంకేతిక వివరణలు చదివాక తెలిసింది. ప్లగ్‌తో ఛార్జి చేసే హైబ్రిడ్లు వేరే తరగతి.

మరొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతానికి అసలు ముఖ్యమైనది ఇదే: డీజిల్ ఆదా అన్ని మార్గాల్లో ఒకేలా ఉండదు. కోటిపల్లి బస్టాండు, దేవీచౌక్ వంటి చోట్ల అడుగడుగునా ఆగి కదిలే సర్వీసుకు అది ఎక్కువ. రావులపాలెం మీదుగా అమలాపురానికి నిలకడగా సాగిపోయే సర్వీసుకు తక్కువ. పాత పోస్టులోని ఆ రెండు వాక్యాలను తొలగించాను.