రెండు జనగణనల మధ్య జారిపోయిన ఊరు

అమెరికాలోని అయోవా రాష్ట్రం ఈశాన్య మూలన మొక్కజొన్న చేల నడుమ పోస్ట్‌విల్ అనే చిన్న ఊరుంది. 2000 జనగణనలో అక్కడి జనాభా 2,273 కాగా, 2010లో 2,227గా తేలింది. పదేళ్లలో 46 మందే తగ్గారు కనుక ఈ పట్టిక చూసినవారు అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదనే అనుకుంటారు. నిజానికి ఆ రెండు లెక్కల మధ్యే ఆ ఊరు ఖాళీ అయినంత పనై, కొత్త మనుషులతో మళ్లీ నిండింది.

1987లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు చెందిన రూబాష్కిన్ కుటుంబం అక్కడ మూతపడిన మాంసం కర్మాగారాన్ని కొని, కోషర్ మాంసం, అంటే యూదుల మత నియమాల ప్రకారం కోసిన మాంసం, తయారీ మొదలుపెట్టింది. 2008 మే 12న ఫెడరల్ అధికారులు ఆ కర్మాగారం మీద దాడిచేసి, అనుమతి పత్రాలు లేకుండా పనిచేస్తున్నారని 389 మంది కార్మికులను పట్టుకున్నారు. ఊరి జనాభాతో పోలిస్తే అది ప్రతి ఆరుగురిలో ఒకరితో సమానం. వారిలో అత్యధికులు మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలా వారు. పిల్లల్ని చూసుకోవడానికని విడిచిపెట్టిన తల్లుల కాళ్లకు నిఘా పరికరాలు తొడిగారు. పనిచేసే అనుమతి లేక, ఊరు దాటే వీలూ లేక వారు చర్చి పెట్టిన తిండితో నెలలు నెట్టుకొచ్చారు. కర్మాగారం మాత్రం మనుషుల వేట ఆపలేదు. వీసా లేకుండానే అమెరికాలో పనిచేసే హక్కున్న పలావ్ ద్వీపవాసులను పసిఫిక్ మహాసముద్రం ఆవలి నుంచి రప్పించారు, ఆ తర్వాత సోమాలీలు వచ్చారు.

ఈ వరుస చూశాక కూడా పోస్ట్‌విల్ జాతి స్వరూపాన్ని వలసదారులే మార్చారనడం, బొమ్మను చూసి ఆడించే చేతిని మరవడమే. ఏ దేశం మనిషి ఆ ఊళ్లో ఉండాలో కర్మాగారం ఇచ్చే కూలి నిర్ణయించింది. ఒకప్పుడు అమెరికాలో మాంసం కర్మాగారాల వేతనం తయారీరంగ సగటుకు మించి ఉండేది. 1980ల్లో కార్మిక సంఘాలు బలహీనపడ్డాక అది ఆ సగటు కిందికి దిగజారింది. ఆ కూలికి ఆ కత్తి పట్టుకునేవారు ఎక్కడ దొరికితే అక్కడి ముఖాలే ఊరి వీధుల్లో కనిపించాయి.

చౌకగా పనిచేసే కొత్తవారు రావడం వల్లే స్థానికుల కూలి పడిపోయిందని, బడుల మీద భారం పెరిగిందని వాదించేవారున్నారు. బడుల మాట కొంత నిజమే. కానీ ఊరి జనాభా 2020లో 2,503కు చేరింది. అదే దశాబ్దంలో అయోవా కౌంటీల్లో ఎక్కువ భాగం జనాన్ని పోగొట్టుకున్నాయి. పిల్లలు లేని బడికి భారం ఉండదు, నిజమే. కొన్నాళ్లకు తాళం పడుతుంది.

ఆదాయ గణాంకాలూ ఇలాగే కళ్లకు గంతలు కడతాయి. ఒకే కప్పు కింద ముగ్గురు సంపాదిస్తే కుటుంబ ఆదాయం ఫర్వాలేదనిపిస్తుంది. అదే ఇంట్లో నలుగురు పిల్లలుంటే తలసరి ఆదాయం నేల చూస్తుంది. ఏ అంకె కావాలంటే ఆ అంకెతో ఊరు బాగుపడిందనీ చెప్పవచ్చు, చెడిందనీ చెప్పవచ్చు. జనగణన పత్రంలోని జాతి గడులు మరీ విచిత్రం: 2020 వరకు అమెరికా జనగణనలో హిస్పానిక్, అంటే స్పానిష్ భాషా దేశాల మూలాలవారు, అన్నది జాతి కిందికి రాలేదు, అది వేరే ప్రశ్నగా ఉండేది. దాంతో మాయా ఆదివాసీ మూలాలున్న గ్వాటెమాలా కార్మికుడు చివరికి ‘ఇతర జాతి’ అన్న గడిలో తేలే వీలుండేది.

పదేళ్లకోసారి తీసే ఫొటోలో కూలి మనిషి పడడన్న ఈ సంగతి మనకు పరాయిది కాదు. తెలంగాణలో ఇప్పుడు ఎన్నో ఊళ్లలో వరినాట్లు వేస్తున్నది బిహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి ముఠాలుగా వచ్చి, ఎకరానికింతని గుత్తకు ఒప్పుకునే కూలీలు. రైస్‌మిల్లుల్లో బస్తాలు మోస్తున్నదీ ఎక్కువగా బిహారీ హమాలీలే. 2011 తర్వాత మన దేశంలో జనగణనే జరగలేదు. రాబోయే లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. యాసంగి నాట్లు అప్పటికే ముగుస్తాయి, నాటినవారు రైలెక్కి ఉంటారు, మడిలో వరి మాత్రం పచ్చగా నిలిచి ఉంటుంది.