‘చేయు’ ధాతువుకు పౌరసన్మానం

హనుమకొండ నయీంనగర్‌లో సాయంత్రం ఆరు దాటితే రెండు పారాయణాలు వినిపిస్తాయి. ఒకటి గుడి మైకులో, రెండోది ట్యూషన్ మేడ మీద. ‘వాక్, వాక్డ్, వాక్డ్, వాకింగ్. టాక్, టాక్డ్, టాక్డ్, టాకింగ్.’ ఏడో తరగతి చదివే మా మనవణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి వెళ్లి, మెట్ల కింద చెప్పుల గుట్ట పక్కన నిలబడి మూడు నెలలుగా ఈ రెండో పారాయణం వింటున్నాను. పుణ్యం మాట తెలియదు గానీ, ఒక సందేహం మాత్రం పట్టుకుంది. ఆ వరుసలో రెండోదీ మూడోదీ ఒకటే మాట కదా, రెండుసార్లు అనడం దేనికి? అదే అడిగాను.

‘రెండోది వి టు, అంటే భూతకాల రూపం. మూడోది వి త్రీ, అంటే హ్యావ్ పక్కన వచ్చే రూపం అండీ’ అన్నారు సారు, జాలిగా.

ఒకే మనిషికి రెండు రేషన్ కార్డులుంటే నేరం. ఒకే మాటకు రెండు గడులుంటే వ్యాకరణం.

నిజానికి దారిన నడిచే ఇంగ్లీషు క్రియ కడు పేదది. వాక్, వాక్స్, వాక్డ్, వాకింగ్. దాని ఆస్తి ఈ నాలుగు రూపాలే. భూతకాలంలో నేనైనా నువ్వైనా ఊరంతా అయినా ఒకటే ‘వాక్డ్’. మన ‘నడుచు’ను చూడండి: నడిచాను, నడిచాము, నడిచావు, నడిచారు, నడిచాడు, నడిచింది, నడిచాయి. ఒక్క భూతకాలానికే ఏడు. ఇక నడవను, నడవము, నడవవు అంటూ మొరాయించడానికి వేరే వరుస ఉంది. ఇవన్నీ మూడేళ్ల పిల్లకు పాలసీసా వదలకముందే వచ్చేస్తాయి, ట్యూషన్ లేకుండా. ఆ పిల్లే పన్నెండేళ్లు వచ్చేసరికి నాలుగు రూపాల క్రియ ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది.

ఉచ్చారణ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే ఎత్తుతాను. దొరల నోట ఆ చివరి ‘ఈ డీ’ మూడు వేషాలు వేస్తుంది. ‘వాక్’ తర్వాత ‘ట్’, ‘కాల్’ తర్వాత ‘డ్’, ‘వాంట్’ తర్వాత ‘ఇడ్’. మన మేడ మీద అన్నింటికీ ఒకే ‘డ్’, సర్వ సమానత్వం. ‘వాంటెడ్’ ఒక్కటి మాత్రం అందరూ చక్కగా పలుకుతారు. ఆ పాఠం చెప్పింది సారు కాదు, వంటమనిషి కావాలంటూ హాస్టళ్ల గోడల మీద అంటించిన కాగితాలు.

కాలాలు పన్నెండని పట్టిక గీయించారు. మాటలో మార్పు వచ్చేది వర్తమానానికీ భూతానికీ మాత్రమే. మిగిలినవన్నీ ‘విల్’, ‘హ్యావ్’, ‘బీన్’ అనే కూలీలను పెట్టి మోయించినవి. అందులో ‘హ్యావ్ బీన్’ గడికి వాక్యం దొరకక పిల్లలు పెన్నులు కొరుకుతుంటారు. మొన్నటిదాకా మన ఊరివాళ్లకు ఆ ఇబ్బంది లేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి ఉంది కదా, దాని కల్యాణ మండపాన్ని విప్పి మళ్లీ నిలబెట్టడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. ‘బాగుచేస్తూనే ఉన్నారు’ అని ఏ ఏడాది రాసినా మార్కు పడేది. 2024లో మండపం తెరిచి ఆ ఉదాహరణ కాస్తా లాక్కున్నారు. (కొత్తది కావలసినవారు ఏదో ఒక రోడ్డు మీదికి వెళితే చాలు.)

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ పట్టికలన్నింటినీ మన జనం ఎప్పుడో ఒక్క మాటతో కొట్టేశారు. ఆ మాట ‘చేయు’. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు ఎత్తే హమాలీని అడగండి. లోడ్ చేశాడు, వెయిట్ చేశాడు, కాల్ చేశాడు. వి టు ఏదని ఎవరినీ అడగలేదు. చేయు చాలని చోట ‘అవు’ ఉంది. ఫీల్ అయ్యాడు, విన్ అయ్యాడు, ఫోను రింగ్ అయింది. ఫెల్ట్, వన్, ర్యాంగ్ అని ఇంగ్లండులో బడిపిల్లల్ని ఏడిపించే క్రియలు కాజీపేట జంక్షన్ దాటేలోపు బుద్ధిగా వరుసలో నిలబడతాయి. మన దగ్గరికి వచ్చాక దారి తప్పిన ఇంగ్లీషు క్రియ అంటూ ఒక్కటీ లేదు.

ఇది సంకరమని పండితులు కోప్పడవచ్చు. వారికి ఒక సంగతి మనవి చేస్తాను. ఆ ‘ఈ డీ’ పుట్టుక గురించి భాషాచరిత్రకారుల్లో చాలామంది చెప్పేదేమిటంటే, ఇంగ్లీషు, జర్మన్‌ల పూర్వీకులు లొంగని క్రియల పక్కన ‘చేశాడు’ అనే అర్థం గల తమ మాటను తగిలించారట. అది అరిగి అరిగి తోకగా మిగిలిందట. అంటే ‘వాక్డ్’ అన్నా ‘వాక్ చేశాడు’ అన్నా ఒకటే మందు. వాళ్లది పాత సీసా, మనది తాజా సరుకు. పైగా ఆ తోక నేటికీ కొత్త క్రియలను మింగుతూనే ఉంది. ‘హెల్ప్’కు ఒకప్పుడు భూతకాలం ‘హోల్ప్’. ఇప్పుడు ఎవరైనా అలా అంటే వైద్యుడి దగ్గరకు తీసుకువెళతారు.

కాబట్టి ‘చేయు’ ధాతువుకు హనుమకొండ చౌరస్తాలో శాలువా కప్పి పౌరసన్మానం జరపాలని కోరుతున్నాను. ధాతువుకు భుజాలుండవు గనుక శాలువా ఎవరు అందుకోవాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు. పేరు నేను సూచిస్తే బాగుండదు.

నిన్న సాయంత్రం మనవడు మేడ దిగుతూ పరీక్ష కాగితం చూపించాడు. ‘డ్రింక్’కు భూతకాలం ‘డ్రింక్డ్’ అని రాశాడట. దాని మీద ఎర్ర సిరాతో ఇంత పొడుగున గీత. వాడు తప్పు రాయలేదు, నాలుగైదు శతాబ్దాలు ముందుగా రాశాడని నా అభిప్రాయం. ఆ మాటే సారుతో అందామని పైకి చూశాను. ఆయన పిట్టగోడకు ఆనుకుని ఫోనులో మాట్లాడుతున్నారు. ‘లేదు లేదు, హైదరాబాదు నుంచి కారు నేనే డ్రైవ్ చేశాను.’

మనవడు నా చొక్కా అంచు లాగాడు. ‘తాతా, సారు డ్రోవ్ చేశాను అనాలి కదా?’

‘చెప్పులు వెతుక్కో ముందు’ అన్నాను.