గేమింగ్ కోర్సు అంటే గ్రాఫిక్స్ కార్డులేనా?

ఆంధ్ర సరిహద్దుకి అటువైపు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంజినీరింగ్ సీటు కోసం తిరిగే తల్లిదండ్రుల నోట ఈమధ్య గేమింగ్ కోర్సు మాట వినిపిస్తోంది. వినిపించక మానదు కూడా. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగం కోసం కేంద్రం 2022 బడ్జెట్‌లో టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది. 2024లో ముంబైలో ఒక జాతీయ కేంద్రానికి కేబినెట్ ఒప్పుకుంది. ఢిల్లీలో ఒక మాట అంటే చాలు, సరిహద్దు ఊళ్ల బ్రోషర్లలోకి హెడ్‌సెట్ పెట్టుకున్న కుర్రాడి ఫొటో వచ్చేస్తుంది.

కోర్సు పెట్టాలనుకున్న యాజమాన్యం ముందుగా చేసే పని ల్యాబ్‌కి కొటేషన్లు తెప్పించడం. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు, వీఆర్ హెడ్‌సెట్లు, ఒక రిబ్బన్ కటింగ్. ఆ తర్వాత రెండేళ్లు, ఆటలు తయారుచేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ ఎక్కడుందో చెబుతారు. అది సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ మాత్రమే. 2023 సెప్టెంబరులో యూనిటీ కంపెనీ ఒక్కసారిగా ఆట తయారుచేసినవాళ్లు ఇన్‌స్టాల్‌కి ఇంత కట్టాలని ఫీజు ప్రకటించింది, గొడవ జరిగి ఏడాది తర్వాత రద్దు చేసింది. ఒక్క టూల్ తప్ప ఇంకేమీ నేర్వని విద్యార్థికి ఆ ఏడాదంతా టెన్షనే.

ఆట రూపకల్పన నేర్పడానికి మన ఇళ్లలోని పులిజూదం చాలు. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. ఇద్దరి బలం ఒకటి కాదు, గెలుపూ ఒకటి కాదు. పులి దూకి చంపాలి, మేకలు దారులన్నీ మూసి పులిని కదలనివ్వకూడదు. ఇంత తేడా ఉన్నా ఆట ఏకపక్షం కాకుండా ఎలా నిలబడింది? మొదటి సెమిస్టర్‌లో విద్యార్థుల చేత మేకల్ని 13 చేయించి ఆడించండి. ఒక గీత చెరిపించండి. పులి ఒకే ఎత్తులో వరసగా రెండు మేకల్ని చంపవచ్చని నియమం మార్చండి. ప్రతి మార్పుకీ కొన్ని పదుల ఆటలు ఆడించి, ఎవరు గెలిచారో, ఎక్కడ విసుగొచ్చిందో రాయించండి. ఆ తర్వాత నియమాలు కాగితం మీద రాసి, ఆ ఆట ఎన్నడూ చూడనివాళ్లకి ఇవ్వాలి. రాసినవాడు పక్కనే కూర్చోవాలి, నోరు విప్పకూడదు. వాళ్లు తప్పుగా ఆడుతుంటే లోపం తన రాతలోనే ఉందని వాడికే తెలుస్తుంది. పరిశ్రమలో ప్లేటెస్టింగ్ అనేది ఇదే. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

దీని వెనక సిద్ధాంతమూ ఉంది. 2004లో హునికే, లబ్లాంక్, జుబెక్ అనే ముగ్గురు ఎండీఏ (మెకానిక్స్, డైనమిక్స్, ఈస్తటిక్స్) అనే పద్ధతిని వివరించారు. తయారుచేసేవాడి చేతిలో ఉండేవి నియమాలు. ఆడేవాడికి మొదట తగిలేది అనుభూతి. ఈ రెంటి మధ్య ఆట నడిచే తీరు ఉంటుంది. ఏ నియమం కదిపితే ఏ అనుభూతి మారుతుందో పట్టుకోవడమే విద్య. డెబ్బై మార్కుల థియరీ పేపర్లో "గేమ్ డిజైన్ ప్రయోజనములు వివరింపుము" అని అడిగితే అది దొరకదు. విఫలమైన ఆటకీ, ఎందుకు విఫలమైందో సరిగా చెప్పినవాడికీ మార్కులు వేసే పద్ధతి ముందు విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవాలి. నాకు అన్నిటికన్నా అనుమానం ఉన్నది ఇక్కడే.

ఈ జిల్లాల్లో ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పర్లాకిమిడిలో ఒక క్లాసులో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. మాట సాయం లేకుండా ఆటలోని మొదటి తెర అర్థమవుతుందా అని పరీక్షించడానికి పెద్ద నగరాల స్టూడియోలు మనుషుల్ని వెతుక్కోవాలి. ఇక్కడ బెంచీ మారితే చాలు. అక్షరాల చిక్కూ ఇక్కడివాళ్లకే ముందు తగులుతుంది. యూనిటీలో అక్షరాలు చూపించడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు వాక్యం పెడితే ఒత్తులు విడిపోయి కనిపించడం చాలామందికి ఎదురైన ఇబ్బంది. యూనిటీలాగే ఆటలు తయారుచేయడానికి ఉచితంగా దొరికే గోడో ఇంజిన్ 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో ఇలాంటి లిపుల్ని కూర్చే ఏర్పాటు చేసింది. పైగా అది మామూలు కంప్యూటర్ మీదా నడుస్తుంది. ఇలాంటి సమస్య ఒకటి పరిష్కరించిన ప్రాజెక్టు ఏ ఇంటర్వ్యూలోనైనా పనికొస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచడం అన్యాయం. స్టూడియోలు హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లో ఉన్నాయి, రాయగడలో లేవు. అందుకే నాలుగేళ్ల బీటెక్ మొత్తం గేమింగ్ పేరుతో ఇవ్వడం నాకు నచ్చదు. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకి మైనర్‌గా, అంటే అసలు డిగ్రీతో పాటు చదివే చిన్న కోర్సుగా పెట్టాలి, అందులోకి బొమ్మలు వేసేవాళ్లనీ కథ రాసేవాళ్లనీ రానివ్వాలి. పైచదువు కావాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో మాస్టర్స్ (ఎం.డెస్.) ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల భయం తల్లిదండ్రులకి ఉంది, అది న్యాయమే. కానీ 2025 చట్టం వాటిని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌నీ మామూలు ఆటల్నీ వేరుగా చూసింది.

గంజాం జిల్లాలో చేత్తో బొమ్మలు గీసే గంజప అనే పాతకాలపు పేక చీట్లు గుండ్రంగా ఉంటాయి. 8 రంగుల కట్టలో రంగుకి 12 చొప్పున 96 చీట్లు. వాటిని గీసే చిత్రకారులు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరిని ఒక సెమిస్టర్‌కి అతిథి అధ్యాపకుడిగా పిలవడానికి ఏ నిబంధన అడ్డొస్తుంది? పీహెచ్‌డీ లేదనా?

ఈ ఏడాది పిల్లల్ని చేర్పించబోయే తల్లిదండ్రులు ల్యాబ్ చూపించమని అడగొద్దు. పోయినేడు మీ విద్యార్థులు చేసిన ఆట ఒకటి ఇవ్వండి, ఇక్కడే కూర్చుని ఆడి చూస్తాం అని అడగండి.