వజ్రం మీద మోజు, నల్లపొడి మీద చిన్నచూపు

తిరుపతిలో మా వీధి చివర ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే ఇస్త్రీ ఆయన ఇత్తడి పెట్టెలో కట్టెబొగ్గులు నింపి రాజేస్తాడు. నిప్పు మీద కట్టిన బూడిదను ఉఫ్‌మని ఊది, తడిగుడ్డకు పెట్టె ఆనించి, ‘చుయ్’మన్నాకే చొక్కా మీద పెడతాడు. మొన్న బట్టలకు పోతే, ‘‘సార్, వానలు పడినాయి కదా, వజ్రకరూరు దిక్కు పోయి రెండ్రోజులు వెతికితే ఎట్లుంటుంది?’’ అన్నాడు. నవ్వుతూనే అన్నా, అందులో సగం నిజం ఉంది. తొలకరికి అనంతపురం, కర్నూలు చేలల్లో వజ్రాల కోసం నేల చూస్తూ తిరిగేవాళ్లు ఏటా కనిపిస్తారు.

ఆయన పెట్టెలో ఉన్నదీ, వెతకాలనుకున్నదీ ఒకే మూలకం, కార్బన్. వజ్రాన్ని కాల్చినా, అంతే బరువు బొగ్గును కాల్చినా వచ్చే వాయువు ఒక్కటేనని 1797లోనే స్మిత్‌సన్ టెన్నాంట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. అయితే బొగ్గే నలిగి నలిగి వజ్రమవుతుందన్న మాట మాత్రం తప్పు. వజ్రాలు సుమారు 150 కిలోమీటర్లు, అంతకన్నా లోతున తయారయ్యాయి. చాలావాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైనే. రాక్షసిబొగ్గుగా మారిన చెట్లు అప్పటికి భూమ్మీద లేనే లేవు.

తేడా అంతా అమరికలోనే ఉంది. వజ్రంలో ఒక్కో పరమాణువు చుట్టూ నాలుగింటిని పట్టుకుని బిగుసుకుపోతుంది. కార్బన్‌కే మరో రూపం, పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్‌లో మూడింటినే పట్టుకుని పలకలా పరుచుకుంటుంది. పలక మీద పలక జారుతుంది కాబట్టే పెన్సిల్ రాస్తుంది. జతపడని నాలుగో ఎలక్ట్రాన్ పలకంతా తిరుగుతుంది కాబట్టి కరెంటూ పారుతుంది. ఆ పలకల్లో ఒక్కదాన్ని మామూలు అతుకు టేపుతో ఊడదీసిన శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలొవ్‌లకు 2010లో నోబెల్ వచ్చింది. ఆ ఒంటి పలక పేరే గ్రాఫీన్. (ల్యాబ్‌లో పెంచిన వజ్రమూ ఈ లెక్కన అసలు వజ్రమే. నగల షాపులో దాన్ని ‘డూప్లికేట్’ అనేవాళ్లతో నేను ఒప్పుకోను.)

ఇప్పుడు మన జిల్లా చూడండి. చినపండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. రబ్బరు పుట్టుకతో నలుపు కాదు. అందులో కలిపే కార్బన్ బ్లాక్ దాన్ని నల్లగా, అరగకుండా చేస్తుంది. టైరు బరువులో దాదాపు పావు వంతు ఆ మసే. మన అమ్మమ్మలు దీపం మీద గిన్నె బోర్లించి పట్టిన కాటుకకు అది దగ్గరి చుట్టం. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కోసం కార్బన్ నారలను కార్బన్‌లోనే పొదిగి చేసిన కార్బన్-కార్బన్ నాజిల్ (మంట బయటికి చిమ్మే గొట్టం) తయారైందని ఇస్రో 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. లోహపు నాజిల్ కన్నా ఆ భాగం బరువు సుమారు 67 శాతం తగ్గుతుందట, రాకెట్ ఇంకో 15 కిలోలు మోయగలదట.

అసలు సంగతి బ్యాటరీలది. రేణిగుంట దగ్గర లిథియం అయాన్ సెల్ ఫ్యాక్టరీ వచ్చినప్పుడు అందరం లిథియం, లిథియం అన్నాం. చార్జింగ్ పెట్టినప్పుడు ఆ లిథియం పోయి దూరేది గ్రాఫైట్ పలకల సందుల్లోకే. ఒక్క లిథియం పరమాణువుకు ఆరు కార్బన్ పరమాణువులు కావాలి. అంటే సెల్‌లో లిథియం కన్నా గ్రాఫైట్ బరువే ఎన్నో రెట్లు ఎక్కువ. అది మామూలు పెన్సిల్ పొడి కాదు. 99.95 శాతం శుద్ధి చేసి, గింజల్లా గుండ్రంగా మలచిన పొడి. ఆ సరుకులో 90 శాతానికి పైగా చైనాలోనే తయారవుతోంది. 2023 డిసెంబరు నుంచి ఆ దేశం ఎగుమతికి పర్మిషన్ తప్పనిసరి చేసింది కూడా. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో గ్రాఫైట్ ఉండటం ఊరికే కాదు.

తూర్పు కనుమల్లో గ్రాఫైట్ ఉంది. తవ్వి పచ్చి సరుకుగా అమ్మేస్తే వచ్చేది కూలి డబ్బులే, లాభమంతా శుద్ధిలో ఉంటుంది. సెల్ ఫ్యాక్టరీకి స్థలం, రాయితీ ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదన్నది నా వాదన. పొడి తయారీ కూడా ఇటే రావాలి. శుద్ధిలో వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ప్రమాదకరం, ఆ కాలుష్యం లెక్క ముందే తేల్చుకోవాలి. ఆమ్లం లేకుండా ఎక్కువ వేడితో శుద్ధి చేసే పద్ధతీ ఉంది, కానీ కరెంటు బిల్లు వాచిపోతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకడానికి ఏర్పేడులో ఐఐటీ ఉంది, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. వాటికి ఆ పని అప్పగించి, డబ్బివ్వాలి.

‘‘వజ్రం సంగతి ఏమో గానీ, నీ జేబులో సెల్‌ఫోన్ ఉంది కదా, దాంట్లో ఉండేదీ నీ బొగ్గు జాతే’’ అన్నాను ఇస్త్రీ ఆయనతో. ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘అందుకేనేమో సార్, ఇట్లా కాల్తా ఉంటుంది’’ అన్నాడు.