గాలపు ముల్లు, పక్కింటి సలహా

వసంతం రాగానే కాక్టస్ తోటలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. చలికాలమంతా నీరు లేక ముడుచుకున్న మొక్కలు లేత కండను, మొగ్గలను పైకెత్తుతాయి. వాటి కోసమే కాచుకున్నట్టు చిప్ప లేని నత్తలు, అంటే స్లగ్గులు, చీకటి పడగానే బయలుదేరుతాయి. ముళ్లున్న మొక్కకు భయమేమిటని అనుకునేవారు ఒక రాత్రి టార్చి వేసి చూడాలి. తన ఒంటి జిగురును తానే పరుచుకుంటూ, ముల్లుకూ ముల్లుకూ నడుమ ఏ తొందరా లేకుండా సాగిపోయే ఆ ప్రాణికి ముళ్లు అడ్డమే కావు. పైగా ఆకుల మొక్కకైతే కొరికిన ఆకు రాలి మరొకటి వస్తుంది గానీ, కాక్టస్‌కు ఆ సౌకర్యం లేదు. గీరిన చోట గోధుమరంగు బెరడు కట్టి, ఆ మచ్చ మొక్కకు శాశ్వతంగా ఉండిపోతుంది.

మందులు చల్లకుండా సహజంగానే వీటిని అదుపు చేయాలన్నది మా పక్కింటి పెద్దాయన ఆదేశం. ఆయన పెరడంతా సిమెంటు గచ్చు, అందులో ఒక్క మొక్క కూడా లేదు; బహుశా అందుకే స్లగ్గుల విషయంలో ఆయన పద్ధతులేవీ ఇంతవరకూ విఫలం కాలేదు. మొదట గుడ్డు పెంకులు చల్లమన్నారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ గుడ్డు పెంకులను, రాగి పట్టీలను, మరికొన్ని అడ్డుకట్టలను లెట్యూస్ మొక్కల చుట్టూ పెట్టి పరీక్షించి, ఏమీ పెట్టని మొక్కలకూ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లోనే తేల్చిందని గోడ మీదుగా విన్నవించుకున్నాను. అవి వేరే దేశపు స్లగ్గులని ఆయన కొట్టిపారేశారు. తరువాత గిన్నెలో బీరు పోసి, అంచు నేలకు సమంగా ఉండేటట్టు పాతమన్నారు. ఈస్టు వాసనకు స్లగ్గులు వచ్చి పడతాయన్న మాట నిజమే. అయితే అంచు నేలకన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండకపోతే, ఆ స్లగ్గులను తిని మనకు మేలు చేసే నేల పెంకుపురుగులు కూడా అందులోనే పడి చస్తాయన్న సంగతి, తెల్లవారి ఆ గిన్నెలో తేలుతున్న పురుగులు నాకు బోధించాయి. జిగురు చారలను బట్టి చూస్తే స్లగ్గులు వచ్చాయి, తాగాయి, క్షేమంగా వెళ్లిపోయాయి.

ఇక మిగిలింది చేత్తో ఏరడం. నిన్న రాత్రి వాన వెలిసిన తరువాత ఆ పనికి దిగాను.

కుడిచేత పట్టకారు, దాని చివర ఒక స్లగ్గు. వెనక ఉన్న కుండీని పక్కకు జరపడానికి ఎడమచేయి చాచవలసి వచ్చింది కనుక టార్చిని పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాను. ఆ దారిలో ఫెరోకాక్టస్ ఉంది. దాని నడిమి ముల్లు చేపల గాలంలా కొన వంగి ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు మర్యాదగా దారి ఇస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడే అసలు స్వభావం చూపిస్తుంది. చొక్కా చేతిని ఒక ముల్లు పట్టుకుంది. దాన్ని విడిపించుకుందామని కొద్దిగా తిప్పితే మరో మూడు పట్టుకున్నాయి. ఇప్పుడు ఎడమచేయి మొక్క అధీనంలో ఉంది, కుడిచేయి స్లగ్గుకు అంకితమైంది, నోరు టార్చికి; స్లగ్గులను వేయవలసిన సబ్బునీళ్ల బకెట్టు మాత్రం నా వీపు వెనక, కాలికి కూడా అందనంత దూరంలో ఉంది.

సరిగ్గా అప్పుడే గోడ మీద పెద్దాయన తల ప్రత్యక్షమైంది.

"ఏమండీ, స్లగ్గులేనా?" అన్నారు. పళ్ల మధ్య టార్చి ఉన్నవాడు ఈ భూమి మీద పలకగలిగిన మాట ఒక్కటే కనుక "ఊఁ" అన్నాను. అది ఆయనకు ఆహ్వానంలా వినిపించింది కాబోలు, గోడ మీద మోచేతులు ఆనించుకుని స్థిరపడ్డారు. ముందుగా కప్పల ఉపయోగం చెప్పారు. ఆ తరువాత, స్లగ్గుల శరీరంలో చేరి వాటిని చంపే సూక్ష్మమైన నులిపురుగులను నీటిలో కలిపి నేలకు పోస్తారని, అయితే నేల ఎప్పుడూ తడిగా ఉండాలని, అందువల్ల పొడిగా ఉండవలసిన కాక్టస్ మడికి అవి అంతగా నప్పవని, అంటే నాకు పనికిరాని పద్ధతిని నాకు పనికిరాదని నిరూపించేదాకా వివరించారు. మధ్యమధ్య "తెలుస్తోందా?" అని అడుగుతున్నారు. నేను "ఊఁ" అంటున్నాను. "బాతులైతే ఇంకా శ్రేష్ఠం, నాకు తెలిసినవాళ్లున్నారు, మాట్లాడమంటారా?" అన్నారు. ఆ "ఊఁ"లో ఆర్తనాదం పాలు కొంత ఎక్కువే ఉంది గానీ ఆయన చెవికి అది అందలేదు.

ఈలోగా స్లగ్గు పట్టు తప్పించుకుని పట్టకారు వెంట నా వేళ్ల వైపు ప్రయాణం మొదలుపెట్టింది. టార్చి వెలుగు నేరుగా దాని మీదే పడుతున్నందువల్ల, మరెటూ తల తిప్పలేని నేను దాన్ని తీరిగ్గా చూడవలసి వచ్చింది. పైనున్న రెండు కొమ్ముల చివర కళ్లు నల్లటి చుక్కల్లా ఉన్నాయి. కింది రెండు పొట్టి కొమ్ములు లోహాన్ని తడిమి చూసుకుంటున్నాయి. తల వెనక మడత కింద, కుడిపక్కన, ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. స్లగ్గు ఊపిరి తీసుకునేది దాని గుండానే. నాకంటే అది చాలా నిదానంగా ఊపిరి తీసుకుంటోంది. నోటిలోని పట్టీ మీద దానికి వేల సంఖ్యలో పళ్లుంటాయన్న సంగతి అది నా బొటనవేలు చేరుతుండగా గుర్తుకు రావడం వల్ల ఒరిగిన ప్రయోజనమేమీ లేదు.

కత్తెర వచ్చింది, చొక్కా చేయి పోయింది. జిగురు అంటిన వేళ్లను ముందు పొడిగుడ్డతో తుడవాలి. నీరు తగిలితే ఆ జిగురు ఆ నీటిని పీల్చుకుని ఇంకా ఉబ్బుతుంది. నేను నోరు తెరిచి ఆ మాట చెప్పేలోపే పెద్దాయన గోడ మీదుగా చెంబెడు నీళ్లు నా చేతుల మీద కుమ్మరించారు. నీళ్లు సహజమైనవేనట.

ఇందాకే ఆయన ఒక గంప మోసుకొచ్చి, గేటులోపల దించి వెళ్లారు. అందులో రెండు బాతులున్నాయి. నిన్న రాత్రి నేనే ఒప్పుకున్నానట, ఒకటికి రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నారట. ఒకటి ఫెరోకాక్టస్‌ను ఒకసారి ఎగాదిగా చూసి, తిన్నగా బీరు గిన్నె దగ్గరికి నడిచింది.